కూడూ గుడ్డా కూడా చదువే

విద్యార్థి సంఘం మిత్రులు ఈ సావనీరుకు "సైన్సు మీద ఏదైనా" రాసివ్వమని అడిగినప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది అంతరిక్షమో అణుశక్తో అయివుంటుంది. నేను రాయబోయేది జొన్నరొట్టె గురించీ, పత్తిగింజ మీది దూది గురించీ, ఈ రెంటినీ ఒకే పుస్తకంలో పెట్టి హైస్కూలు స్థాయిలో చెప్పే గృహ విజ్ఞాన శాస్త్రం గురించీ. ఆ పేరు వినగానే "వంటలూ కుట్లూ అల్లికలూ! ఆడపిల్లల సబ్జెక్టు గదా!" అని నవ్వే మిత్రులు మన హాస్టల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. మొన్న మొన్నటి వరకు నేనూ ఆ జట్టులోనే ఉన్నాను.

మాది బనగానపల్లె దగ్గర ఒక పల్లెటూరు. బనగానపల్లె అంటే లోకానికంతటికీ మామిడిపండే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మాకు మాత్రం మామిడితోట లేదు. ఉన్నది ఆరెకరాల నల్లరేగడి. అందులో పత్తి, శనగ, ఇంటి తిండికి రొంత జొన్న. మనిషికి ముందుగా కావలసిన కూడూ గుడ్డా రెండూ మా చేనిలోనే పుడుతున్నాయన్నమాట. అయినా మా తెలివి చేనిగట్టు దాకానే. జొన్నలు ఇంట్లోకి వచ్చాక సంగతి అమ్మకు వదిలేశాము. పత్తి ట్రాక్టరెక్కాక సంగతి వ్యాపారికి వదిలేశాము.

ఈ గట్టు దాటించినది మా అక్క. ఆమెను తొమ్మిదో తరగతితో బడి మానిపించారు. పద్దెనిమిది నిండగానే పెళ్ళి చేశారు. ఇద్దరు పిల్లల తల్లి అయినాక, అంగన్‌వాడీ కార్యకర్త ఉద్యోగానికి పదో తరగతి ప్యాసై ఉండాలని తెలిసి, ఓపెన్ స్కూల్లో చేరింది. మన రాష్ట్రంలో 1991లో మొదలైన ఈ ఏర్పాటులో చదువు మానినవాళ్ళు ఇంటి దగ్గర చదువుకొని, సెలవు రోజుల క్లాసులకు పోయి, పరీక్ష రాయవచ్చు. సబ్జెక్టులు కూడా కొంతవరకు వాళ్ళ ఇష్టమే. లెక్కలంటే భయపడి అక్క గృహ విజ్ఞానం తీసుకున్నది. నిజం చెప్పాలంటే ఆ సబ్జెక్టులో చేరేవాళ్ళలో చాలామంది మా అక్కలాగా ఇంకొక దానికి భయపడి చేరినవాళ్ళే.

"వంటకు గూడ పరీక్షేందిక్కా!" అని నేను ఎగతాళి చేశాను. మా జేజి ఇంకా గట్టిగా అన్నది: "రొట్టె తట్టేది గూడ పుస్తకంలో సదవల్లనా? మేమంతా యా బడికి పోయి నేర్చినాం?"

అక్క నవ్వి ఊరుకున్నది. కానీ పిల్లలతో క్లాసులకు పోలేని రోజులు ఎక్కువైనాయి. దసరా సెలవుల్లో ఇంటికి పోతే ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "బి.యస్సీ. చదువుతాండవు గదా, రొంత చెప్పబ్బీ" అన్నది. కెమిస్ట్రీ విద్యార్థికి ఇదొక లెక్కా అని పొయ్యి పక్కనే చాప వేసుకొని కూర్చున్నాను. అమ్మ జొన్నరొట్టె చేస్తున్నది. అక్కడే మొదటి దెబ్బ తగిలింది.

జొన్నపిండిలో అమ్మ సలసల కాగే నీళ్ళు పోసి కలుపుతుంది. చపాతీ పిండికి చన్నీళ్ళు చాలు. "నీళ్ళు ఏంటికి కాంచాల?" అని అక్క అడిగింది. అమ్మ, "కాంచకపోతే రొట్టె ఇరిగిపోతాది" అన్నది. అది ఫలితం చెప్పడమే గానీ కారణం కాదు. నాకూ తెలియదు. పుస్తకంలో ధాన్యాల పాఠం, నా డిగ్రీ పుస్తకంలో కార్బోహైడ్రేట్ల పాఠం పక్కపక్కన పెట్టుకొని చూస్తే విషయం తేలింది.

గోధుమపిండిలో నీళ్ళు పోసి పిసికితే దానిలోని మాంసకృత్తులు కలిసి గ్లూటెన్ అనే సాగే వలగా తయారవుతాయి. అందుకే చపాతీ కర్రకింద పలచగా సాగుతుంది. జొన్నలో ఆ గ్లూటెన్ లేదు. పిండిని పట్టి ఉంచడానికి ఇంకొక జిగురు కావాలి. ఆ జిగురు జొన్నలోని పిండిపదార్థమే. దాని రేణువులు చన్నీళ్ళలో ఇసుకలాగా అడుగున కూర్చుంటాయి. వేడి సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే నీటిని పీల్చి ఉబ్బి, పగిలి, బంకగా మారతాయి. కాగే నీళ్ళు పోసినప్పుడు జరిగేది ఇదే. పిండిలో కొంత భాగం ముందుగానే ఉడికి, మిగతా పిండిని అతికిస్తుంది. జొన్నరొట్టెను కర్రతో సాగదీయక అరచేత్తో తట్టడం కూడా ఇందుకే. సాగే గుణం లేని ముద్దను లాగితే చీలుతుంది, తడితే పరుచుకుంటుంది. ఇదంతా మా జేజికి చేతికి తెలుసు. నాకు నోటికి కూడా తెలియదు.

అక్కడి నుంచి పుస్తకంలో రెండో భాగానికి, అంటే నూలు, బట్టలు, వాటి సంరక్షణకు వస్తే ఇంకొక వింత. తిండి ఒక భాగం, బట్ట ఒక భాగం అని పుస్తకం విడదీసింది గానీ, రసాయనశాస్త్రం దృష్టిలో జొన్నపిండీ పత్తిదూదీ అన్నదమ్ములు. రెండూ గ్లూకోజు అనే ఒకే చక్కెర అణువుల గొలుసులే. ముడివేసే తీరులో మాత్రమే తేడా. పిండిపదార్థంలో ఆల్ఫా ముడి, దూదిలోని సెల్యులోజులో బీటా ముడి. ఆల్ఫా ముడిని విప్పే ఎంజైము మన లాలాజలంలోనే ఉంది, బీటా ముడిని విప్పేది మన పొట్టలో లేదు. అందుకని రొట్టె అరుగుతుంది, చొక్కా అరగదు. ఎద్దు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ బీటా ముడినీ విప్పగలవు. జొన్న చేనిలో కంకి మనకూ చొప్ప ఎద్దుకూ అని మా పెద్దలు చేసిన పంపకం ఈ రెండు ముళ్ళ మధ్య పంపకమే.

ఇది చెప్పగానే అక్క ఠక్కున, "అయితే గంజి పెడితే బట్ట ఏంటికి బిర్రుగా అయితాది?" అన్నది. ఆ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. ఆలోచిస్తే జవాబు అక్కడే ఉంది. గంజిలోని పిండి గొలుసులూ నూలులోని సెల్యులోజు గొలుసులూ ఒకే జాతివి గనుక, వాటి మీద ఉన్న హైడ్రాక్సిల్ గుంపులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నూలు గుడ్డకు గంజి అంత బాగా పట్టడం, వట్టి పాలియెస్టరుకు అంటీ అంటనట్టు ఉండడం అందుకే. మన సెకండియర్ ల్యాబులో హైడ్రోజన్ బంధం గురించి వైవాలో అడిగితే నేను నీళ్ళూ మంచూ చెప్పాను. గంజి నాకు తోచలేదు.

ఇంతవరకు సరదాయే. తరువాతి పాఠం సరదా కాదు. రెండో కాన్పు అప్పుడు అక్కకు రక్తంలో హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉన్నది. గర్భిణికి కనీసం 11 ఉండాలి. ఆసుపత్రిలో ఇనుము మాత్రలు ఇచ్చారు. అక్క వాటిని మరచిపోకుండా పొద్దున రొట్టె తినగానే టీతో మింగింది. నెలల తరబడి అలాగే మింగింది. రక్తం అనుకున్నంత పెరగలేదు. "ఆ పిల్ల ఒంటి తీరే అంత" అన్నారు ఇంట్లో.

పోషకాహారం పాఠంలో ఇనుము గురించి చదువుతూ ఒక వాక్యం దగ్గర అక్క ఆగిపోయింది. టీ, కాఫీలలోని పదార్థాలు ఇనుమును పట్టుకొని ఒంటికి అందకుండా చేస్తాయని ఉన్నది అందులో. ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఎందుకంటే ఇది నా పాఠం. మొక్కల నుంచి వచ్చే తిండిలోని ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. పేగు దాన్ని తీసుకోవాలంటే ఫెర్రస్ రూపంలోకి మారాలి. నిమ్మకాయలో, ఉసిరికాయలో, జామపండులో ఉండే విటమిన్ సి ఆ మార్పుకు తోడ్పడుతుంది. టీలోని పాలీఫెనాల్స్ దానికి పూర్తిగా ఎదురుపని చేస్తాయి. ఇనుముతో కలిసి, పేగు పీల్చుకోలేని ముద్దగా మారుస్తాయి. టీకీ మాత్రకూ మధ్య కనీసం గంట, రెండు గంటలు ఎడం ఉంటే చాలు, ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. నేను మన ల్యాబులో బ్యూరెట్టు పట్టుకొని, పర్మాంగనేటు చివరి చుక్కకు లేత గులాబీ రంగు రాగానే ఫెర్రస్ ఇనుము ఎంతుందో దశాంశాలతో సహా రాసినవాణ్ణి. ఇంట్లో మా అక్క ఇనుమును టీలో కలుపుకొని తాగుతుంటే పక్కన కూర్చొని నా గ్లాసు నేను తాగాను.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానికి కారణం టీ ఒక్కటే అని నేను అనడం లేదు. చాలీచాలని తిండి, వెంట వెంట కాన్పులు, అన్నిటికన్నా చివర తినే ఇల్లాలు, ఇవన్నీ ఉన్నాయి. కానీ టీ మాట చెప్పడానికి ఖర్చు ఏముంది?

జొన్న విషయంలో కూడా పొగడ్తతో సరిపెట్టకూడదు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక జొన్నరొట్టె పట్నం హోటళ్ళలో మర్యాద సంపాదించుకున్నది, సంతోషమే. అయితే ఒకప్పుడు దక్కన్‌లో జొన్న మీదే బతికిన బీదవాళ్ళలో పెలాగ్రా అనే జబ్బు కనబడేది. ఎండ తగిలే చోట్ల చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, ముదిరితే మతి తప్పడం దాని లక్షణాలు. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో (నేటి జాతీయ పోషకాహార సంస్థ, 1958లో కూనూరు నుంచి అక్కడికి వచ్చింది) డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా దీన్ని పరిశీలించి, జొన్నలో ల్యూసిన్ అనే ఆమ్లం ఎక్కువగా ఉండడం ఒక కారణం కావచ్చునని 1960లో ప్రకటించారు. దాని మీద తరువాత చాలా వాదోపవాదాలు నడిచాయి. తేలిన సంగతి మాత్రం ఒకటున్నది. జొన్నరొట్టెకు పప్పు, ఆకుకూర, పాలో మజ్జిగో తోడున్న ఇంట్లో ఆ జబ్బు లేదు. వట్టి రొట్టె, గొడ్డుకారం తిన్న ఇంట్లో ఉన్నది.

అమెరికాలో కూడా ఇదే కథ జరిగింది. అక్కడ జొన్నకు బదులు మొక్కజొన్న. 1914 నుంచి పెలాగ్రా వెంటపడిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు, అది అంటురోగమని అందరూ అంటుంటే, కాదు తిండిలోటని నిరూపించాడు. ఆయన బృందం ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏమి కొన్నారో ఏమి తిన్నారో లెక్కలు రాసుకున్నది ఎక్కడో తెలుసా? దక్షిణ కరొలినాలోని నూలుమిల్లుల ఊళ్ళలో. పాలూ మాంసమూ కొనగలిగిన కుటుంబాలలో జబ్బు తక్కువ, కొనలేని కుటుంబాలలో ఎక్కువ. లోకానికి బట్ట నేసేవాళ్ళ ఇంట్లో తిండికి లోటు. ఈ సంగతి నాయనకు చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆడ గూడ ఇంతేనా" అన్నాడు.

ఇంత సరుకున్న శాస్త్రం ఆడపిల్లల ఖాతాలోకి ఎట్లా పోయింది? దీనికి పునాది వేసినవారిలో ముఖ్యురాలు ఎలెన్ స్వాలో రిచర్డ్స్ స్వయంగా కెమిస్టు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చేరిన మొదటి మహిళ, 1873లో అక్కడ పట్టం పుచ్చుకున్నది. తాగేనీరు, తిండిలో కల్తీలు పరీక్షించింది ఆమె వృత్తి. మన దేశంలో 1937 నాటి వార్ధా విద్యా పథకంలో రాట్నం, తకిలీ మగపిల్లల చేతికి కూడా ఇచ్చారు. 1952–53లో మొదలియార్ కమిషన్ హైస్కూలు చదువుకు సూచించిన ఏడు శాఖలలో గృహ విజ్ఞానం ఒకటి. అయితే దాని సౌకర్యాలను ఆడపిల్లల కోసమే తలపెట్టారు. 1960లలో హంసా మెహతా సంఘమూ, ఆ తరువాత కొఠారీ కమిషనూ దాన్ని ఆడపిల్లలకు తప్పనిసరి చేయవద్దన్నాయి. మంచిమాటే. దాన్నుంచి మనం తీసుకోవలసిన అర్థం మగపిల్లలకు కూడా చెప్పమని. మనం తీసుకున్న అర్థం ఎవరికీ చెప్పనక్కరలేదని. హైస్కూళ్ళలో క్రాఫ్టు టీచరు ఉంటే కుట్టు, లేకపోతే అదీ లేదు. 1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు సైఫాబాదు హోమ్ సైన్స్ కాలేజీని అందులోనే చేర్చారు. పండించే శాస్త్రమూ, పండినదాన్ని వాడుకునే శాస్త్రమూ ఒకే కప్పు కింద ఉండాలన్న ఆ ఆలోచన నాకు చాలా సబబుగా తోస్తుంది. ఇప్పుడు ఆ డిగ్రీని కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు. పేరు మారింది గానీ మన హాస్టల్లో నవ్వు మారలేదు.

ఇక పత్తి సంగతి. ఆ ఏడాది నాయన పత్తి తీసుకొని మార్కెట్టుకు పోతే ఒక వ్యాపారి బోరెంలో చెయ్యి పెట్టి, గుప్పెడు పిసికి చూసి, "తేమ పదిహేను ఉంది" అని క్వింటాలుకు ఇంతని కోత పెట్టాడు. నాయన ఏమనగలడు? పదిహేను అంటే దేనిలో పదిహేనో ఆయనకు తెలియదు. ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

అక్క పుస్తకంలో నూలు, పట్టు, ఉన్ని, కృత్రిమ దారాల గుణాలు ఉన్నాయి. ఒక్కొక్క పోగును వెలిగించి చూసే పరీక్ష ఉన్నది. నూలు కాగితం కాలిన వాసనతో కాలి బూడిదవుతుంది. పట్టు, ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తాయి. పాలియెస్టరు కరిగి నల్లటి గట్టి పూస కడుతుంది. అక్క ఉత్సాహం పట్టలేక తన "ప్యూర్ కాటన్" చీర అంచు నుంచి రెండు పోగులు లాగి వెలిగించింది. నల్లపూసలు వచ్చాయి. ఆ చీర ఖరీదు ఇక్కడ రాయను, బావ ఈ సావనీరు చదవవచ్చు.

అదే పాఠంలో దారాలు గాలిలోని తేమను పీల్చే గుణం గురించి ఉన్నది. పూర్తిగా ఎండబెట్టిన 100 గ్రాముల దూదిని మామూలు గాలిలో పెడితే తానంతట తానే ఏడెనిమిది గ్రాముల నీటిని పీల్చుకుంటుంది. పాలియెస్టరు అర గ్రాము కూడా పీల్చదు. చెమటకు నూలు చొక్కా హాయిగా, పాలియెస్టరు చొక్కా ఒంటికి అతుక్కున్నట్టుగా ఉండడం అందుకే. మళ్ళీ అవే హైడ్రాక్సిల్ గుంపులు! కాటన్ కార్పొరేషన్ వాళ్ళు మద్దతు ధరకు కొనేటప్పుడు 8 శాతం తేమను ప్రమాణంగా పెట్టుకొని, 12 శాతం దాకా ధర తగ్గించి తీసుకోవడంలోని అర్థం నాకు అప్పుడు తెలిసింది. ఆ ఎనిమిది పత్తి పుట్టుగుణం, దానికి మించింది మంచో, వానో, మనుషులో కలిపినది. (మనుషులు అని ఊరికే అనలేదు. తూకం కోసం నీళ్ళు చల్లేవాళ్ళు మా వైపు లేరని ఒట్టు పెట్టలేను.) పింజ పొడవుకూ ధరకూ ఉన్న సంబంధం కూడా అంతే సూటిగా ఉంటుంది. 2025–26 సీజనుకు మధ్యరకం పింజకు క్వింటాలు 7,710, పొడవు పింజకు 8,110 రూపాయలు మద్దతు ధర. పొడవైన పింజతో సన్నని, గట్టి నూలు వడకవచ్చు, ఆ 400 తేడా అక్కడిది. పత్తి వేసే మా ఊళ్ళో ఎందరికి ఈ సంగతి తెలుసు?

సెలవులైపోయి వచ్చేటప్పుడు ఇంట్లో మిగిలిన పత్తిలోంచి రొంత, ప్లాస్టిక్ కవరులో గట్టిగా మూతికట్టి తెచ్చుకున్నాను. మన ల్యాబులో మేడమ్‌గారి అనుమతితో 100 గ్రాములు తూచి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టాను. మిగిలింది 89 గ్రాముల పైచిలుకు. అంటే పదకొండు శాతం లోపు. ఇది వ్యాపారి చేతిలో పడిన గుప్పెడు కాదు గనుక ఆయన అబద్ధమాడాడని నేను అనలేను. కానీ చేత్తో పిసికితే పదకొండుకూ పదిహేనుకూ తేడా తెలుస్తుందని కూడా నమ్మలేను. ఫోనులో చెబితే నాయన, "అయితే మనం గూడ కొలవచ్చునా?" అన్నాడు. కొలవచ్చు. మార్కెట్టులో తేమ కొలిచే మీటరు పెట్టి చూపమని అడగవచ్చు. తెల్లవారుజామున మంచు ఆరకముందే పత్తి తీయకుండా ఉండవచ్చు. పట్టల మీద రెండెండలు పోయవచ్చు.

అక్క పదో తరగతి ప్యాసయింది. గృహ విజ్ఞానంలోనే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు. అంగన్‌వాడీ ఉద్యోగానికి ప్రకటన ఇంకా రాలేదు, ఎదురుచూస్తున్నది. మొన్న రక్తం పరీక్ష చేయిస్తే పదకొండు దాటింది. జేజి మాత్రం తిన్న వెంటనే టీ మానలేదు. "నా పేగుకు నీ పుస్తకం తెల్దులే" అంటుంది.

ఈసారి దీపావళి సెలవుల నుంచి నేను బస్సెక్కడానికి బయలుదేరుతుంటే నాయన చేని నుంచి నేరుగా వచ్చాడు. చేతిలో మూతి బిగించిన ప్లాస్టిక్ కవరు, అందులో ఆ పొద్దున తీసిన పత్తి.

"కాలేజీకే గదా పోతాండవు. ఇది గూడ పట్టకపో, అమ్మకముందే ఎంతుందో చెప్పు" అన్నాడు.

అక్క నా జేబులోంచి పెన్ను తీసుకొని కవరు మీద తేదీ, తీసిన వేళ రాసింది.